142 పేజీల రిపోర్టు రాశాం, ఊళ్లో ఒక్కరూ తెరవలేదు. జనం చదివేలా ఎలా రాయాలి?

డిండి వాగు
దేవరకొండ వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తాను. పోయిన ఏడాది తొమ్మిది ఊళ్లలో తాగునీటి మీద సర్వే చేశాం. నల్లా నీళ్లు రాని రోజున జనం ఏ బోరుకు పోతున్నారు, ఆ బోరులో ఫ్లోరైడ్ ఎంత, దానివల్ల పిల్లల పళ్లు, పెద్దల మోకాళ్లు ఎలా ఉన్నాయి అని ఇల్లిల్లూ తిరిగాం. ఎనిమిది నెలలు పట్టింది. చివరికి 142 పేజీల రిపోర్టు తయారైంది. నిధులిచ్చిన వాళ్లకు ఒకటి, మండలాఫీసుకు ఒకటి, తొమ్మిది పంచాయతీలకు తొమ్మిది కాపీలు పంపాం.

నాలుగు నెలల తర్వాత వేరే పని మీద అందులో ఒక ఊరికి పోయాను. రిపోర్టు చేరిందా అని పంచాయతీ కార్యదర్శిని అడిగితే బీరువా తెరిచి చేతికిచ్చాడు. కొరియర్ కవర్ అట్లనే ఉంది, మీద అంటించిన టేపు కూడా ఊడలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. అక్కడే చింపి తీశాను. పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దాయన "మా ఊరి సంగతి ఏ పేజీల ఉందమ్మా?" అన్నాడు. వెతకడం మొదలుపెట్టాను. ఉపోద్ఘాతం, సాహిత్య సమీక్ష, పరిశోధనా పద్ధతి, నమూనా ఎంపిక... రాసిన నాకే పది నిమిషాలు పట్టింది. వాళ్ల ఊరి బోర్ల పట్టిక 87వ పేజీలో దొరికింది. తలెత్తి చూస్తే ఆయన లేడు. బర్రెలు ఇంటికొచ్చే వేళయిందని లేచిపోయాడట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఇళ్లలో కూర్చుని, వాళ్లు పోసిన చాయ్ తాగి, గంటలకొద్దీ ప్రశ్నలు అడిగాం. తిరిగి వాళ్ల చేతికి ఏం ఇచ్చినట్టు? వచ్చే నెల ఇంకో సర్వే మొదలవుతోంది. మీలో ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జూరాల గేటు
మీ ఒక్కరికే జరిగిన సంగతి కాదిది. 2014లో ప్రపంచ బ్యాంకు తన వెబ్‌సైట్‌లో పెట్టిన నివేదికలను ఎవరు చదువుతున్నారో లెక్క తీయించింది. 31 శాతానికి పైగా ఒక్కసారి కూడా డౌన్‌లోడ్ కాలేదని తేలింది. అంత డబ్బు, అంతమంది ఎడిటర్లు ఉన్నచోటే పరిస్థితి అది.

పాలమూరు స్కాలర్
ఆ లెక్క డౌన్‌లోడ్లది మాత్రమే. మెయిల్లో పంపుకున్నవి, మీటింగుల్లో పంచినవి అందులోకి రావు. డౌన్‌లోడ్ చేసిన ప్రతివాళ్లూ చదివారనీ కాదు. కాబట్టి దాన్ని పట్టుకుని రిపోర్టులన్నీ దండగ అనొద్దు.

ఇంకో మాట. పరిశోధనా పద్ధతి అడ్డమొచ్చినట్టు రాశారు. రేపు ఎవరైనా అధికారి "మీ శాంపిల్ ఎన్ని ఇళ్లు? నీళ్లు ఏ నెలలో పట్టారు?" అని అడిగితే మీకు దన్నుగా నిలబడేది ఆ అధ్యాయమే. ఎండాకాలం బోరు నీళ్లకూ వానాకాలం తర్వాతి నీళ్లకూ తేడా వస్తుంది. అది రాయకపోతే మీ అంకెను ఎవరు నమ్మాలి?

డిండి వాగు
రాయొద్దని నేను అనడం లేదు. మొదటి 60 పేజీలూ అదే ఉంది, అక్కడే నా బాధ.

పాత ఫైలు
ముప్పై ఏళ్లు మండలాల్లో పని చేసి రిటైరయ్యాను. బల్లకు అవతలివైపు కూర్చున్నవాడి మాట కూడా వినండి.

రోజుకు నా ముందుకు నలభై, యాభై కాగితాలు వచ్చేవి. ఏదైనా చేతికి రాగానే ముందు చివరి పేరా చూసేవాణ్ని. ఈ కాగితం నన్నేం చేయమంటోంది, ఖర్చెంత, నా అధికారంలో ఉన్నదేనా, పైకి పంపాలా? ఈ నాలుగూ కనిపిస్తే మొదటికొచ్చి చదివేవాణ్ని. కనిపించకపోతే పక్కన పెట్టేవాణ్ని. అది నిర్లక్ష్యం కాదమ్మా, మధ్యాహ్నం లోపు సంతకాలు కావాల్సిన పింఛన్ల జాబితాలు అక్కడే ఎదురుచూస్తుండేవి.

ఒకసారి ఒక సంస్థ వాళ్లు అంగన్‌వాడీల మీద ఇంత మందం పుస్తకం తెచ్చారు. తెచ్చిన అమ్మాయి తెలివైనది, దానిమీద ఒక కాగితం పిన్ను చేసింది. అందులో మూడే వాక్యాలు. "ఈ నాలుగు కేంద్రాల్లో బరువు తూచే కాటా పని చేయడం లేదు. రిపేరు చేసే మనిషి జిల్లా కేంద్రంలో ఉన్నాడు. మీరు ఒక లెటర్ ఇస్తే వారంలో వస్తాడు." లెటర్ ఆ పూటే ఇచ్చాను. పుస్తకం లోపల ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.

మీ రిపోర్టు సిఫారసుల పేజీలో ఏం రాశారో ఒకసారి ఇక్కడ పెట్టండి.

డిండి వాగు
ఉన్నదున్నట్టు పెడుతున్నాను. "సురక్షిత తాగునీటి లభ్యతను పెంపొందించే దిశగా సంబంధిత వాటాదారులందరి సమన్వయంతో సమగ్ర చర్యలు చేపట్టవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది."

పాత ఫైలు
ఎవరు, ఏం, ఎప్పటిలోగా? మూడింటిలో ఒక్కటీ లేదు. దీని మీద నేనైనా ఏం రాయాలి?

నారాయణపేట కొంగు
ఆ "వాటాదారులు" (ఇంగ్లీషు స్టేక్‌హోల్డర్స్‌కు పెట్టిన మాట) చూసి మా సంగతి గుర్తొచ్చింది. మేమూ అదే మాట రాసి మహిళా సంఘం మీటింగులో చదివాం. వెనక వరసలోంచి ఒకామె లేచి "మాకెంత వాటా వస్తది సార్, ఎప్పుడిస్తరు?" అంది. మీటింగంతా నవ్వు. ఆమె సరిగ్గానే అడిగింది, తెలుగులో వాటాదారు అంటే వాటా ఉన్నోడే కదా! అప్పటినుంచి ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ల పేరే రాస్తున్నాం. సర్పంచి, ఆశా కార్యకర్త, బోరు మెకానిక్, నీళ్లు మోసే ఆడవాళ్లు. వాక్యం పొడుగైనా మాకు ఫర్వాలేదు.

బత్తాయి తోట
నేను రిపోర్టులు రాసేవాణ్ని కాదు, రైతును. మా తోటకు సర్వేలకని ఇప్పటిదాకా మూడు జట్లు వచ్చాయి. పైపు ఎంత, మోటారు ఎన్ని హెచ్‌పీ, ఎన్ని చెట్లు ఎండినయి, అప్పెంత అని అన్నీ అడిగారు. ఒక్కరూ తిరిగొచ్చి "మీ ఊళ్లో ఇది తేలింది" అని చెప్పలేదు. నాలుగో జట్టు వస్తే మా ఆవిడ తలుపు తీయనంటోంది.

భూసార కార్డు సంగతి కూడా చెప్తాను. అందులో 12 పరీక్షల ఫలితాలుంటాయి. నేను చూసుకునేది ఒక్కటే, ఏ ఎరువు ఎంత వేయాలి. ఆ వరస ముందుంటే ఆ ఫలితాలన్నీ ఎందుకున్నాయో అడుగుతాను. ముందే ఆ పన్నెండూ పెడితే కార్డు మడిచి దేవుడి పటం వెనక పెడతాను.

డిండి వాగు
బత్తాయి తోట గారూ, మీరు రాసింది మా టీమ్ గ్రూపులో పెట్టాను. తిరిగి వెళ్లి చెప్పే రోజులకు బడ్జెట్‌లో ఎప్పుడూ డబ్బు పెట్టుకోలేదని అప్పుడు తెలిసింది. ప్రింటింగుకు పెట్టాం, ప్రయాణానికి పెట్టలేదు.

గ్రామసభ గొంతు
ఉపాధి హామీ సామాజిక తనిఖీలో ఊరి స్థాయిలో నాలుగేళ్లు పని చేశాను. మన నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాలూ 2006లో మొదటి విడతలోనే ఆ పథకంలోకి వచ్చినవి. ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభే సామాజిక తనిఖీ చేయాలంది. అంటే మా రిపోర్టుకు పాఠకుడెవరో చట్టమే తేల్చిపెట్టింది. ఊరే చదవాలి.

చదవడమంటే అక్కడ గట్టిగా చదివి వినిపించడమే. రచ్చకట్ట దగ్గర నిలబడి పేరు, పని, రోజులు, పడిన డబ్బు ఒక్కొక్కటే చదివేవాళ్లం. ఒక ఊళ్లో నేను "చెరువు పూడిక, పద్దెనిమిది రోజులు" అని చదివితే ఒకామె లేచింది. బిడ్డ చంకలో ఉంది. "ఆ పద్దెనిమిది రోజులు నేను మా తల్లిగారింట్ల బాలింతనున్న. నా పేరు మీద ఎవరు పోయిన్రు?" అంది. అంతమంది ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు. ఆ వరస మా కాగితాల్లో రెండు వారాలుగా ఉంది. మేం చూసినా మాకేం తెలుస్తుంది? ఆమె చెవిన పడ్డాకే దానికి అర్థం వచ్చింది.

నా సలహా ఒక్కటే. రాసింది ముందు నోటితో చదవండి. ఊపిరి ఆగిపోతే వాక్యం పొడుగైనట్టు. ఎదుటి మనిషి "ఆఁ?" అంటే మాట మార్చాల్సినట్టు.

పాలమూరు స్కాలర్
ఇది బాగుంది, కానీ మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చదవడం వేరు, ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు ఏమవుతుందో విడమరచి చెప్పడం వేరు. ప్రతిదీ గట్టిగా చదివి చెప్పేంత సులువుగా ఉండదు. సులువు చేయబోయి తప్పు చెప్పే ప్రమాదం కూడా ఉంది.

వనపర్తి లెక్కలు
స్కాలర్ గారి భయం నిజమే. అందుకే ఏ అంకె చూపించాలో, దాన్ని ఎలా చూపించాలో తేల్చుకోవడానికి టైమ్ పెట్టాలి. డిండి వాగు గారూ, ఆ 87వ పేజీ పట్టిక పంపగలరా?

డిండి వాగు
ఫోటో పెట్టాను. 11 బోర్లు, ఏడు నిలువు వరసలు. ఫ్లోరైడ్, పీహెచ్, క్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం, మొత్తం లవణాలు, లోతు.

వనపర్తి లెక్కలు
చూశాను. ఫ్లోరైడ్ 2.347 అని మూడు దశాంశాల వరకు ఇచ్చారు. చదివేవాళ్లకు 2.3 చాలు. పైగా పట్టికలో ఎక్కడా 1.5 లేదు! మన దేశంలో తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరే. ఆ గీత లేకుండా 2.347 అంటే ఎక్కువో తక్కువో ఎవరికి తెలుస్తుంది?

నేనైతే ఇలా చేస్తాను. ఆరు వరసలు తీసి వెనక అనుబంధంలో పడేస్తాను. ఉన్న ఒక్క ఫ్లోరైడ్ వరసను అడ్డం పట్టీలుగా గీస్తాను, బోరుకొక పట్టీ. బీడబ్ల్యూ-07 లాంటి కోడ్లు తీసేసి ఊళ్లో పిలిచే పేరే పెడతాను, "బొడ్రాయి కాడి బోరు", "బడి ముందరి బోరు" అని. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్నది పైన, తక్కువది కింద. 1.5 దగ్గర నిలువుగా ఒక లావు గీత. గీత దాటిన పట్టీలు నల్లగా, దాటనివి తెల్లగా. బొమ్మ పైన "ఫ్లోరైడ్ సాంద్రత పంపిణీ" అని శీర్షిక పెట్టకండి. "11 బోర్లలో 7 తాగడానికి పనికిరావు" అని తేలిన మాటే శీర్షికగా పెట్టండి. బొమ్మ చూసే ఓపిక లేనివాళ్లకు కూడా సంగతి అందుతుంది.

గుండ్రాన్ని ముక్కలుగా కోసినట్టుండే పై (pie) చార్టులు మాత్రం వద్దు. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అని ఇద్దరు 1984లో పరీక్షలు పెట్టి చూపించారు. మన కన్ను పొడవును పోల్చినంత బాగా కోణాన్ని పోల్చలేదు. 27 శాతం ముక్కకూ 31 శాతం ముక్కకూ తేడా గుండ్రంలో కనిపించదు, పట్టీల్లో వెంటనే కనిపిస్తుంది.

జూరాల గేటు
మా ఆఫీసులో త్రీడీ పై చార్టు లేకపోతే రిపోర్టు బోసిగా ఉందంటారు.

వనపర్తి లెక్కలు
త్రీడీలో ముందున్న ముక్క ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. అది అందం కాదు, అబద్ధం. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

క్లాక్‌టవర్ డీటీపీ
నల్గొండలో ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నా. పైన గీత, పట్టీలు అంటున్నారు, దానికంటే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి.

అందరూ ఇంగ్లీషు రిపోర్టు పేజీ సెట్టింగే తెచ్చి అందులో తెలుగు పోయమంటారు. తెలుగు అక్షరానికి కింద ఒత్తులు, పైన గుడులు. వరసల మధ్య జాగా ఇంగ్లీషుకంటే ఎక్కువ ఇవ్వాలి. లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది, కళ్లు మండుతాయి. అక్షరం సైజు 10 పెడితే అరవై ఏళ్ల సర్పంచి చదవలేడు. నేను 13 కంటే తగ్గించను. పేజీలు పెరుగుతాయంటారు, విషయం తగ్గించుకోండి అంటా.

రెండోది, పాత ఫాంట్లు. "అను" అనే పాత ఫాంట్‌లో కొట్టిన ఫైల్ ప్రింటుకు బాగానే వస్తుంది, కానీ పీడీఎఫ్‌లో ఊరి పేరు వెతికితే దొరకదు. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు. ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా అక్షరంగానే కనిపించే యూనికోడ్‌లో కొట్టించండి. మండలి ఫాంటు ఉంది, నోటో ఫాంటు ఉంది, డబ్బు కట్టే పని లేదు. ఆ పెద్దాయన అడిగిన రోజు ఫోన్లో ఊరి పేరు కొట్టి ఉంటే ఒక్క క్షణంలో 87వ పేజీ వచ్చేది.

మూడోది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో వేసి తెస్తారు. మీరు రంగుల్లో వేయించేది పది కాపీలు. తర్వాత ఊళ్లో తిరిగేదంతా జిరాక్సే. జిరాక్స్‌లో ఎరుపూ బూడిదే, ఆకుపచ్చా బూడిదే. మంచి బోరు, చెడ్డ బోరు ఒకే రంగు అయిపోతాయి. నీళ్ల విషయంలో ఇది చిన్న తప్పా? లెక్కల సారు నలుపు తెలుపు అన్నారు చూడండి, అదే సరైన మాట.

డిండి వాగు
మా రిపోర్టు అను ఫాంటే. రంగులూ ఎరుపు, ఆకుపచ్చే.

నారాయణపేట కొంగు
జిల్లాల గొడవ కూడా చూసుకోండి. మా బేస్‌లైన్ సర్వే (పని మొదలుపెట్టే ముందు చేసేది) 2015లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో చేశాం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిగా వచ్చింది. చివరి సర్వే కొత్త జిల్లాల లెక్కన చేశాం. రిపోర్టులో రెండు చోట్లా "మహబూబ్‌నగర్ జిల్లా" అని రాశాం. చదివినవాళ్లు సగం ఇళ్లు ఎటుపోయాయని అడిగారు. మ్యాపు పక్కన రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ తికమక ఉండేది కాదు.

మన్ననూరు మలుపు
మా వైపు చెంచు పెంటల్లో (చెంచుల చిన్న ఊళ్లలో) కాగితమే పనికిరాదు. అచ్చేసిన ఫోటోలు పట్టుకుపోయి చెట్టు కింద పరిచి మాట్లాడతాం. ఫోటోల వరస వాళ్లే మారుస్తారు, "ఇది ముందు, అది తర్వాత" అని. ఆ వరసే మా రిపోర్టు అధ్యాయాల వరస అయింది ఒకసారి. ఫోటోల విషయంలో ఒక్క జాగ్రత్త. పిల్లల పళ్ల మీద మచ్చలు చూపించాలంటే నోటి వరకే తీయండి, మొహం వద్దు. రేపు ఆ పిల్లకు పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఆ ఫోటో ఎవరి ఫోన్లో ఉంటుందో మనకు తెలియదు. ఇంట్లో వాళ్లను అడగకుండా అసలు వేయకండి.

డిండి వాగు
మన్ననూరు గారూ, మా రిపోర్టులో రెండు ఫోటోల్లో మొహాలున్నాయి. అవి తీసేయాలి. చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు.

జూరాల గేటు
పని చేయని దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఇంతకుముందు పని చేసిన సంస్థ ఫిల్టర్ ప్లాంట్లు పెట్టింది, సగం ఊళ్లలో ఏడాదికే మూతపడ్డాయి. రిపోర్టులో ఆ మాట వెనక ఎక్కడో "కొన్ని సవాళ్లు ఎదురయ్యాయి" అని వచ్చింది. ముందు పేజీలో రిబ్బన్ కటింగ్ ఫోటో. ఆ ఊళ్లవాళ్లకు మూతపడిన ప్లాంటు రోజూ కనిపిస్తుంటుంది. వాళ్లు ఆ మొదటి పేజీ చూశాక రెండోది ఎందుకు తిప్పుతారు?

పాలమూరు స్కాలర్
దీనితో పూర్తిగా ఏకీభవిస్తాను. చదవకపోవడానికి డిజైన్ ఒక్కటే కారణం కాదు, నమ్మకం పోవడం కూడా కారణమే.

పద్ధతి గురించి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. కెనడియన్ హెల్త్ సర్వీసెస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 1-3-25 అని ఒక కొలత పెట్టుకున్నారు. ఒక పేజీలో ముఖ్యమైన మాటలు, మూడు పేజీల్లో సారాంశం, 25 పేజీల్లో రిపోర్టు. మిగతా వివరం అనుబంధంలో పెడితే అడిగినవాళ్లకు అడిగినంత దొరుకుతుంది. నాకు కావాల్సింది కూడా అంతే. నీళ్లు ఏ నెలలో పట్టారో మాత్రం ఆ ఒక్క పేజీలోనే రాయండి. అది పద్ధతి కిందికి రాదు, నిజం కిందికి వస్తుంది.

గ్రామసభ గొంతు
పంచాయతీలో, మండలాఫీసులో ఇది ఇంగ్లీషులో చాలు అంటే సమాచార హక్కు చట్టం గుర్తు చేయండి. 2005 చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది, తమంతట తాము బయటపెట్టే సమాచారం స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిలో ఇవ్వాలని. అది ప్రభుత్వ కార్యాలయాలకు చెప్పిన మాట. మనం మాత్రం ఎందుకు తక్కువ చేయాలి?

పాత ఫైలు
ఊళ్లలో పిల్లల చదువుల మీద వచ్చే అసర్ రిపోర్టు చూడండి. 2005 నుంచి వస్తోంది. ఐదో తరగతి పిల్లల్లో ఎంతమంది రెండో తరగతి పాఠం చదవగలరు, ఆ ఒక్క ప్రశ్న దేశమంతటికీ నోటికొచ్చింది. దాని వెనక ఎంత పెద్ద సర్వే ఉందో ఎవరూ అడగరు, ఆ ప్రశ్న మాత్రం ప్రతి టీచరుకూ తెలుసు. మీ రిపోర్టుకు అలాంటి ఒక్క ప్రశ్న ఏది?

డిండి వాగు
"నల్లా రాని రోజు మా ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగొచ్చు?" అంతే సార్. రెండు రోజులుగా మీరందరూ రాసింది చదివాక అదొక్కటే మిగిలింది. ఊరికొక పేజీ చేస్తాను, తొమ్మిది ఊళ్లకు తొమ్మిది. పైన ప్రశ్న, కింద పట్టీలు, దాని కింద సర్పంచి ఏం చేయాలి, కార్యదర్శి ఏం చేయాలి, ఎప్పటిలోగా. అయ్యాక చెప్తాను.

బత్తాయి తోట
తయారయ్యాక మీరే పట్టుకుపోండి. కొరియర్ వద్దు.

డిండి వాగు
మూడు వారాలైంది. మొన్న అదే ఊరికి పోయాను. పేజీని పంచాయతీ గోడకు అంటించి, పదిమంది ముందు చదివాను. ఆ పెద్దాయన కూడా వచ్చాడు. అద్దాలు లేవని మనవరాలితో చదివించుకున్నాడు. ఆ పిల్ల ఆరో తరగతి, వేలు పెట్టి ఒక్కో పట్టీ చదివింది. నాలుగో పట్టీ దగ్గర ఆయన చెయ్యెత్తాడు. "బడి ముందరి బోరు అని రాసిన్రు. బడి ముందర బోరు పూడిపోయి ఆరేండ్లయింది. మీరు నీళ్లు పట్టింది బడి వెనక దాంట్ల."

నా దగ్గరున్న సర్వే నోట్‌బుక్ తీసి చూశాను. ఆయనదే కరెక్టు.

వనపర్తి లెక్కలు
ఆ తప్పు పెద్ద రిపోర్టులో కూడా ఉందా?

డిండి వాగు
ఉంది. 87వ పేజీలో. లోపల ముగ్గురం ప్రూఫ్ చూశాం, బయట ఇద్దరు నిపుణులు చూశారు.

క్లాక్‌టవర్ డీటీపీ
ఫైల్ ఈ రాత్రికి పంపండి. పొద్దున్నే మార్చి ఇస్తా, దానికి డబ్బులు తీసుకోను. గోడ మీదున్నది తీయకముందే కొత్తది పట్టుకుపోండి, మధ్యలో ఖాళీ ఉంచొద్దు.

డిండి వాగు
పంపాను. మిగతా ఎనిమిది ఊళ్ల బోర్ల పేర్లు కూడా ప్రింటుకు ముందు ఊళ్లోనే చదివిస్తున్నాం. రేపు రెండు ఊళ్లు.